హెడ్‌ఫోన్ గీతను ఒంటరిగా చదవకండి

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్ళకీ పనికొస్తుంది. 2,500 రూపాయల లోపు చెవి లోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్ కొనాలి. వినేది ఎక్కువగా పాత సినిమా పాటలు, కర్ణాటక కచేరీలు. రెండు మోడళ్ళ దగ్గర ఆగిపోయారు, రెండిటి చార్టులూ పెట్టారు. అందులో ఒకదానికి మూడు చోట్ల ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ చార్టులు, అంటే మంద్రం నుంచి సన్నం దాకా ఏ శబ్దం ఎంత గట్టిగా మోగుతుందో చూపే గీతలు, చూస్తే మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. గీత ఎంత చదునుగా ఉంటే అంత మంచిదని మీ ఫ్రెండ్ చెప్పాడు. కానీ అందరూ మెచ్చుకునే ఇయర్‌ఫోన్ల గీతల్లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర పెద్ద ఎత్తు కనిపిస్తోంది. ఎవరి మాట నమ్మాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఆ రెండిట్లో ఏది కొనాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్క గీతను విడిగా చూసి ఆ ఇయర్‌ఫోన్ ఎలా మోగుతుందో చెప్పడం బాగా చెయ్యి తిరిగినవాళ్ళకే కష్టం. అదే గీతను మీరు రోజూ వినే ఇయర్‌ఫోన్ గీత మీద పెట్టి చూస్తే, కొత్తవాళ్ళకి కూడా చాలా సంగతి తెలిసిపోతుంది. ఎందుకంటే రెండో గీత ఎలా మోగుతుందో మీ చెవికి ముందే తెలుసు. ఇకమీదట చెప్పేదంతా ఆ పోలిక సరిగ్గా చేయడానికే.

చార్టులో ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే శబ్దం మంద్రం నుంచి సన్నానికి మారుతుంది. ఎడమ చివర 20 హెర్ట్జ్ (సెకనుకి 20 కంపనాలు), కుడి చివర 20,000 హెర్ట్జ్, అంటే 20 కిలోహెర్ట్జ్. తికమక పెట్టేది అంకెల మధ్య దూరాలు. 20 నుంచి 40 దాకా ఎంత చోటు ఉందో, 10,000 నుంచి 20,000 దాకా కూడా అంతే చోటు ఉంటుంది. అంకె రెట్టింపైన ప్రతిసారీ మన చెవికి ఒక స్థాయి పైకి వెళ్ళినట్టు అనిపిస్తుంది కాబట్టి అలా గీస్తారు. మొత్తం చార్టులో ఇలాంటి రెట్టింపులు పది. శబ్దంలో ఒక్కో భాగాన్ని పెంచి తగ్గించే పది స్లైడర్ల ఈక్వలైజర్ ఏదైనా తెరిచి చూడండి, 31, 62, 125, 250, 500, 1కె, 2కె, 4కె, 8కె, 16కె అని ఉంటుంది. చార్టును ఆ పది స్లైడర్ల వరుసగా చూడటం అలవాటు చేసుకుంటే సగం భయం పోతుంది.

మీరు కచేరీలు వింటారు కాబట్టి ఒక లెక్క. మగ గాయకుడు ఒకటో శ్రుతిలో పాడితే మధ్య షడ్జం సుమారు 131 హెర్ట్జ్, తార షడ్జం 262. గాయని ఐదో శ్రుతిలో పాడితే మధ్య షడ్జం 196, తార షడ్జం 392, తార పంచమం 588. చార్టుకి సరిగ్గా నడుమ వచ్చేది 632 హెర్ట్జ్. అంటే తార పంచమం అందుకున్నా కూడా గాయని పాడే స్వరం చార్టులో ఎడమ సగం దాటలేదు! మరి కుడి సగంలో ఏముంది? స్వరంతో పాటే దాని రెట్టింపు, మూడు రెట్ల దగ్గర పుట్టే అనుస్వరాలు (హార్మోనిక్స్), సాహిత్యంలోని హల్లులు, తంబూరాకి దారం సర్ది తెచ్చే ఆ ఝుమ్మనే నాదం, వయొలిన్ కమాను రాపిడి, మృదంగం కుడివైపు దెబ్బలోని పదును, తాళాల గలగల. ఎడమ సగం పాడుతున్నది ఏ స్వరమో చెబుతుంది. పాడుతున్నది ఎవరో, దగ్గర నుంచి పాడుతున్నారో దూరం నుంచో, మాట స్పష్టంగా ఉందో లేదో చెప్పేది ఎక్కువగా కుడి సగమే. "ట్రెబుల్ అంటే తాళాలే కదా, నాకెందుకు" అనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

నిలువుగా ఉన్నవి డెసిబెల్స్, అంటే ఆ చోట శబ్దం ఎంత గట్టిగా వస్తోందో. వెడల్పాటి భాగం మీద 1 డెసిబెల్ తేడా ఉంటే శ్రద్ధగా వింటే గానీ పట్టుకోలేం. 3 డెసిబెల్స్ ఎవరికైనా తెలుస్తుంది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు గట్టిగా అనిపిస్తుంది. అయితే ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, వెడల్పు కూడా చూడాలి. సూదిలా సన్నగా దిగిన 5 డెసిబెల్స్ గుంట చాలాసార్లు వినపడనే వినపడదు. 200 నుంచి 1,000 హెర్ట్జ్ దాకా పరుచుకున్న 2 డెసిబెల్స్ ఎత్తు మాత్రం మొత్తం పాట రంగునే మార్చేస్తుంది. ఇంకోటి, గుంటల కంటే శిఖరాలే చెవిని ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

నిలువు గీత కొలత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తప్పకుండా చూడండి. అదే గీతను 50 డెసిబెల్స్ ఎత్తున్న చార్టులో గీస్తే కొండలూ లోయలూ కనిపిస్తాయి, 120 డెసిబెల్స్ ఎత్తున్న చార్టులో గీస్తే చెరువు నీళ్ళలా చదునుగా కనిపిస్తుంది. అమ్మేవాళ్ళ పేజీల్లో రెండో రకమే ఎక్కువ, కారణం చెప్పక్కర్లేదు. పెట్టె మీద రాసే "20 హెర్ట్జ్ - 20 కిలోహెర్ట్జ్" మాట అయితే పూర్తిగా వదిలేయండి. ఎన్ని డెసిబెల్స్ తేడాలో అన్నది చెప్పకుండా రాసిన ఆ రెండు అంకెలు 300 రూపాయల ఇయర్‌ఫోన్ మీదా ఉంటాయి, 30,000 దాని మీదా ఉంటాయి.

ఇప్పుడు మీ ఫ్రెండ్ చెప్పిన చదును గీత సంగతి. స్పీకర్ల విషయంలో ఆయన మాట దాదాపు నిజమే. మంచి స్పీకర్‌ని గది ప్రతిధ్వనులు కలవకుండా ముందు నుంచి మైకుతో కొలిస్తే గీత చదునుగానే రావాలి. హెడ్‌ఫోన్‌కి ఆ లెక్క పనిచేయదు, ఎందుకంటే కొలిచే చోటు వేరు. హెడ్‌ఫోన్‌ని కొలిచేది కర్ణభేరి దగ్గర, కృత్రిమ చెవి లోపల. స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం కర్ణభేరి దాకా చేరేలోపే మన చెవి దాన్ని మార్చేస్తుంది. చెవి నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, ఒక చివర మూసి ఉన్న గొట్టం. అలాంటి గొట్టం తన పొడవుకి నాలుగు రెట్లున్న అలకి స్పందిస్తుంది. లెక్కేస్తే 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల వస్తుంది. దానికి తోడు బయటి చెవి దొప్ప, అందులోని గుంట కూడా కలిసి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దాన్ని 10 డెసిబెల్స్ పైగానే పెంచుతాయి. పుట్టినప్పటి నుంచీ మనం విన్న ప్రతి మాటా, ప్రతి పాటా ఈ పెంపుతోనే విన్నాం. అది మనకి మామూలు.

ఇయర్‌ఫోన్‌ని చెవి లోపల దూర్చేసరికి దొప్పకి పనే లేదు, తెరిచి ఉండాల్సిన నాళం మూసుకుపోయింది. అంటే చెవి ఇచ్చే సహజమైన పెంపు పోయింది. పోయినదాన్ని ఇయర్‌ఫోనే తయారుచేసి ఇవ్వాలి. 3 కిలోహెర్ట్జ్ దగ్గర మీకు కనిపించిన ఎత్తు అదే. కర్ణభేరి దగ్గర కొలిచినప్పుడు నిజంగా చదునుగా ఉన్న ఇయర్‌ఫోన్ వింటే గాయకుడు నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని పాడినట్టు ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఇంకో సందేహం తెస్తారు: చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకేలా వినదు కదా, తక్కువ వాల్యూమ్‌లో బేస్ సరిగా వినపడదు కదా, దాన్ని కూడా సరిచేయాలా అని. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు గీసిన సమ శబ్ద రేఖలు (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉంటే చెవికి సమానంగా వినిపిస్తుందో చూపేవి) అక్కడక్కడ చూసే ఉంటారు. దాన్ని చార్టులో కలపక్కర్లేదు. ఎదురుగా కూర్చుని కచేరీ విన్నా, స్పీకర్‌లో విన్నా ఆ గుణం మీ చెవితో పాటే ఉంటుంది. కాకపోతే ఆచరణలో ఒక ఉపయోగం ఉంది: మీరు ఎప్పుడూ తక్కువ వాల్యూమ్‌లో వినేవాళ్ళయితే కొంచెం బేస్ ఎక్కువున్న ఇయర్‌ఫోన్ మీకు నప్పుతుంది.

మరి 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఎంత ఎత్తు ఉండాలి, బేస్ ఎంత ఉండాలి అనడానికి ఒక నమూనా గీత కావాలి. చార్టుల్లో చుక్కలతోనో బూడిద రంగులోనో కనిపించే టార్గెట్ అదే. ఒకప్పుడు డిఫ్యూజ్ ఫీల్డ్ అనే నమూనా వాడేవారు, అన్ని దిక్కుల నుంచీ సమానంగా శబ్దం వస్తే కర్ణభేరి దగ్గర ఎలా ఉంటుందో అది. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ఈఆర్4 అనే ఇయర్‌ఫోన్ ఆ దారిలో చేసిందే. మాట అద్దంలా ఉంటుంది, కానీ బేస్ పెంపు లేదు కాబట్టి చాలామందికి పలచగా అనిపిస్తుంది. తర్వాత హర్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టి బృందం వేరే దారి పట్టింది. మంచి గదిలో మంచి స్పీకర్లు పెట్టి కృత్రిమ చెవితో కొలిచి, ఆ గీతను మొదలుగా తీసుకుని, మనుషుల చేత బేస్, ట్రెబుల్ ఎక్కించి దించి ఏది నచ్చిందో చూశారు. చెవిని కప్పే ఓవర్ ఇయర్ హెడ్‌ఫోన్లకి 2018 నాటి గీత, మీలా చెవి లోపల పెట్టుకునే ఇన్ ఇయర్‌లకి 2019 నాటి గీత ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తాయి. ఇన్ ఇయర్ గీతలో బేస్ ఇంకా ఎక్కువ. ఈ రెంటినీ కలగలపకండి. ఇయర్‌ఫోన్ చార్టు మీద హెడ్‌ఫోన్ టార్గెట్ వేసి తిట్టేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

హర్మన్ గీత దేవుడి వాక్కు కాదు. వాళ్ళ పరిశోధనలోనే వినేవాళ్ళు మూడు గుంపులుగా తేలారు. 64 శాతం మందికి ఆ గీతకి దగ్గరున్నవి నచ్చాయి, 15 శాతం మందికి ఇంకా బేస్ కావాలనిపించింది, 21 శాతం మందికి బేస్ తక్కువుంటేనే బాగుంది. కాబట్టి టార్గెట్ గీతని మార్కులు వేసే కొలబద్దగా కాకుండా దారిలో మైలురాయిగా వాడండి: దీనికంటే ఎంత ఇటు, ఎంత అటు నాకు నచ్చుతుంది అని. సెన్‌హైజర్ హెచ్‌డి 600 హెడ్‌ఫోన్ చూడండి. 1997 నుంచి అమ్ముడవుతోంది, గాత్రం వినేవాళ్ళు ఇప్పటికీ దాని పేరే చెబుతారు. 100 హెర్ట్జ్ కింద దాని గీత కిందికి జారిపోతుంది, అక్కడ హర్మన్ టార్గెట్‌కి దరిదాపుల్లో కూడా ఉండదు. మధ్య భాగం అంత చక్కగా ఉండబట్టి జనం దాన్ని క్షమించేశారు.

ఒకే ఇయర్‌ఫోన్‌కి మూడు చార్టులు మూడు రకాలుగా ఎందుకున్నాయి? మీ ప్రశ్నలో అసలు ముడి ఇదే కాబట్టి కాస్త ఆగుదాం.

మొదటి కారణం కొలిచే పరికరం. ఇన్ ఇయర్‌లకి ఏళ్ళ తరబడి వాడుతున్నది 711 కప్లర్ అనే, చెవి నాళానికి బదులుగా పెట్టే లోహపు గొట్టం. ఐఈసీ 711 అనే ప్రమాణం నుంచి ఆ పేరు వచ్చింది, ఇప్పటి ప్రమాణం సంఖ్య 60318-4. అసలు కప్లర్ ఖరీదు చాలా ఎక్కువ, అందుకని చాలామంది సమీక్షకులు చైనాలో చేసిన చవక నకళ్ళు వాడతారు. కింది నుంచి మధ్య దాకా అవి బాగానే పనిచేస్తాయి, పైకి వెళ్ళేకొద్దీ ఒకదానికొకటి పొంతన తగ్గుతుంది. బ్రూయెల్ అండ్ కేర్ 5128 అనే కొత్త కృత్రిమ తల ఇంకో రకం. మనిషి చెవికి ఇంకా దగ్గరగా చేసింది, 711తో పోలిస్తే బేస్‌లోనూ ట్రెబుల్‌లోనూ తేడాగా చూపిస్తుంది. 711 కోసం గీసిన టార్గెట్‌ని 5128 మీద తీసిన గీతకి పెట్టి చూస్తే అర్థమే లేదు. ఓవర్ ఇయర్ హెడ్‌ఫోన్లకి రబ్బరు చెవులున్న తలలు కావాలి, ఆ రబ్బరు చెవి ఆకారం మారినా గీత మారుతుంది. ఒక కొట్లో కాటా మీద తూచిన బంగారాన్ని ఇంకో కొట్లో కాటా మీద తూచినదానితో పోల్చి కొట్లాడుకోం కదా. ఇక్కడా అంతే: ఒకరు, ఒకే పరికరం మీద, ఒకే పద్ధతిలో తీసిన గీతలనే పక్కపక్కన పెట్టాలి.

రెండోది, రా గీతా, సరిదిద్దిన గీతా అన్నది. రా అంటే కృత్రిమ చెవి మైకు పట్టుకున్నది పట్టుకున్నట్టు, 3 కిలోహెర్ట్జ్ కొండతో సహా. సరిదిద్దినది అంటే ఆ గీతలోంచి ఒక టార్గెట్‌ని తీసివేసి మిగిలింది. సరిదిద్దిన చార్టులో చదును అంటే టార్గెట్‌తో సరిపోయిందని అర్థం. అక్కడ మీ ఫ్రెండ్ మాట నిజమవుతుంది, బహుశా ఆయన చూసింది అలాంటి చార్టే అయ్యుంటుంది. చార్టు మూలలో రా అనో, కాంపెన్సేటెడ్ అనో రాసి ఉంటుంది. రాయకపోతే 3 కిలోహెర్ట్జ్ దగ్గర చూడండి. కొండ ఉంటే రా.

మూడోది నునుపు, అంటే గీతని ఎంత సాఫు చేశారన్నది. ఆక్టేవ్ అంటే పైన చెప్పిన ఒక రెట్టింపు, ఒక స్థాయి. 1/48 ఆక్టేవ్ అంటే సన్న గీతలు కూడా కనిపిస్తాయి, 1/3 ఆక్టేవ్ అంటే ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. నాలుగోది, రెండు గీతలని ఎక్కడ కలిపారన్నది. ఒకటి 500 హెర్ట్జ్ దగ్గర కలిపి, ఇంకోటి 1 కిలోహెర్ట్జ్ దగ్గర కలిపితే "దీనికి బేస్ ఎక్కువ" కాస్తా "దీనికి మిడ్స్ (నడిమి భాగం) తక్కువ"గా కనిపించవచ్చు. రెండూ ఒకే నిజానికి రెండు మాటలు. ఇవి కాక రబ్బరు టిప్పు మారడం, ఎంత లోతుగా దూర్చారన్నది, ఒక పీసుకీ ఇంకో పీసుకీ ఉండే తేడా.

ముఖ్యంగా 8 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపించే శిఖరం చూసి బెదరకండి. 711 మీద ఇయర్‌ఫోన్‌ని పెట్టినప్పుడు మధ్యలో మిగిలే గాలి గదిలో ఒక ప్రతిధ్వని పుడుతుంది. గీతలు పోల్చడానికి వీలుగా చాలామంది సమీక్షకులు ఆ ప్రతిధ్వని 8 కిలోహెర్ట్జ్ దగ్గర పడేలా లోతు సరిచేస్తారు. మీ చెవిలో మీరు పెట్టుకున్న లోతుని బట్టి అది ఇంకెక్కడో పడుతుంది. 8 దాటాక గీతలో ఉన్న మెలికలు మీ చెవిలో అలాగే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేనైతే ఇన్ ఇయర్ చార్టులో ఆ కుడి చివరి ముక్కని "మొత్తమ్మీద ఎక్కువా తక్కువా" అన్నంత వరకే చూస్తాను.

ఇక చార్టులో ఎక్కడ ఏం వినపడుతుందో. 60 హెర్ట్జ్ కింద ఉన్నది వినడం కంటే తగలడం ఎక్కువ. మీరు వినే పాటల్లో అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. 60 నుంచి 150 మధ్య మృదంగం ఎడమవైపు పలికే గుమ్‌కీ (మంద్రమైన దెబ్బ) బరువు, డ్రమ్ దెబ్బ.

150 నుంచి 400 హెర్ట్జ్ భాగాన్ని కొత్తవాళ్ళు పట్టించుకోరు, నేను మాత్రం ముందు అక్కడే చూస్తాను. మగ గొంతు నిండుదనం, వీణ తీగ మందం అంతా ఇక్కడే. ఇది కొంచెం తగ్గితే గొంతు పలచబడుతుంది, అయినా శుభ్రంగా ఉంటుంది. ఎక్కువైతే మాత్రం అన్నీ ఒకదాని మీద ఒకటి పూసుకుపోతాయి, పక్క గదిలోంచి వింటున్నట్టు. చవక ఇయర్‌ఫోన్లలో బేస్ కొండ 20 హెర్ట్జ్ దగ్గర మొదలై 100 దగ్గర ఆగకుండా 400 దాకా జారుతూ వస్తుంటుంది. "బేస్ అదిరింది" అని పెట్టె మీద రాసుకోవడానికి అదే సులువు మార్గం. అదే 6 డెసిబెల్స్ పెంపు 150 లోపలే ఆగి 250 దగ్గరికల్లా సమానమైపోతే బేస్ వేరుగా, గొంతు వేరుగా వినపడతాయి. బేస్ ఎంత ఎత్తుందన్నదాని కంటే ఎక్కడ దిగిపోయిందన్నదే నాకు ముఖ్యం.

500 నుంచి 1,500 దాకా దాదాపు అందరూ సరిగ్గానే చేస్తారు. అక్కడ గీత ఉబ్బితే డబ్బాలో పాడినట్టూ, ముక్కుతో పాడినట్టూ అనిపిస్తుంది.

2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మళ్ళీ జాగ్రత్తగా చూడాల్సిన చోటు. కొండ అసలు లేకపోతే గొంతు వెనక్కి వెళ్ళి మాట మసకబారుతుంది. మరీ ఎత్తుంటే తార స్థాయిలో గాయని గొంతు మొహం మీద అరిచినట్టు ఉంటుంది. కొండ ఆకారం కూడా చెబుతుంది: 1 కిలోహెర్ట్జ్ నుంచి నెమ్మదిగా ఎక్కి, 3 దగ్గర గుండ్రంగా తిరిగి, 5 దాకా నెమ్మదిగా దిగితే సహజంగా వినపడుతుంది. 1.5 దగ్గరే గబుక్కున లేచి అక్కడే శిఖరం కొడితే గొంతులు కేకలవుతాయి. నాదస్వరం రికార్డింగు ఒక్క నిమిషం వింటే ఈ భాగం సరిగ్గా ఉందో లేదో బయటపడిపోతుంది.

5 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర శ, ష, స ఉంటాయి. అక్కడ సన్నగా పదునుగా లేచిన శిఖరం ఉంటే "శ్రీ" అన్నప్పుడల్లా చెవిలో గుచ్చుతుంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో అనే హెడ్‌ఫోన్ గీతలో 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల లేచే ఎత్తు ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. కొందరికి అదే మెరుపు, కొందరికి అదే తలనొప్పి. 10 పైన ఉన్నది గాలి, పరిసరం. వయసు పెరిగేకొద్దీ పై చివర ఎలాగూ వినపడటం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు పని. గీతలు ఒకదాని మీద ఒకటి వేసి చూపించే స్క్విగ్ డాట్ లింక్ లాంటి సైట్‌లో ఒక్క సమీక్షకుడి పేజీ తీసుకోండి. అందులో మీరు ఇప్పుడు వాడుతున్న ఇయర్‌ఫోన్ ఉందేమో వెతకండి. ఫోన్‌తో వచ్చినదైనా సరే, పేరున్న కంపెనీవి చాలామటుకు దొరుకుతాయి. దొరక్కపోతే స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకోగలిగిన మోడల్ ఏదైనా. దాని మీద కొత్త మోడల్ గీత వేసి, రెంటినీ 500 హెర్ట్జ్ దగ్గర కలపండి. ఎడమ నుంచి కుడికి తేడాలు మాత్రం చదవండి: "100 దగ్గర నాది 4 ఎక్కువ, 300 దగ్గర 3 ఎక్కువ, 3 కిలోహెర్ట్జ్ దగ్గర కొత్తది 4 ఎక్కువ." ఇది కాగితం మీద రాసుకోండి.

తర్వాత ఆ తేడాలని మీ పాత ఇయర్‌ఫోన్ మీదే ఈక్వలైజర్‌తో పెట్టి వినండి. 125 స్లైడర్ 4 కిందికి, 250 స్లైడర్ 3 కిందికి, 3 కిలోహెర్ట్జ్‌కి అటూ ఇటూ ఉన్న 2కె, 4కె స్లైడర్లు నాలుగేసి పైకి. కంప్యూటర్‌లో అయితే ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ లాంటివి ఉచితంగానే ఈ పనికి సరిపోతాయి. పైకి ఎంత జరిపారో అంత మొత్తం వాల్యూమ్ ప్రీ-యాంప్‌లో (ఈక్వలైజర్‌లో అన్నిటినీ కలిపి పెంచి తగ్గించే స్లైడర్) తగ్గించాలి, లేకపోతే శబ్దం చిట్లుతుంది. పెట్టినదీ తీసేసినదీ ఒకే వాల్యూమ్‌లో పోల్చాలి, కొంచెం గట్టిగా మోగేదే ఎప్పుడూ బాగున్నట్టు మోసం చేస్తుంది కాబట్టి. ఇలా చేస్తే కొత్త ఇయర్‌ఫోన్ అచ్చుగుద్దినట్టు రాదు, కానీ అది ఏ వైపు లాగుతుందో కొనకముందే చెవికి తెలుస్తుంది. అరగంట ఈ ఆట ఆడితే, ఎన్ని వీడియోలు చూసినా రాని సంగతి వస్తుంది: "3 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్" అన్న మాటకి మీ చెవిలో ఒక రూపం ఏర్పడుతుంది. హర్మన్ వాళ్ళ హౌ టు లిసన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఈ సాధనకే చేసింది.

చార్టు చెప్పనివి కూడా కొన్ని ఉన్నాయి, కానీ జనం అనుకునేంత ఎక్కువ కాదు. డీటెయిల్, క్లారిటీ అంటూ రాసేవాటిలో చాలా భాగం ఈ గీతలోంచి వచ్చేవే. గీత చెప్పలేనివి చెవిలో నొప్పి పెడుతుందా, బయటి శబ్దం ఎంత ఆపుతుంది, వైరు ఎన్నాళ్ళుంటుంది. కుడి ఎడమ గీతలు వేరువేరుగా ఇచ్చి ఉంటే అవి రెండూ కలిసి నడుస్తున్నాయో లేదో చూడండి, అది తయారీ నాణ్యత గురించి చెబుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ఆ మీట వేసినప్పుడూ తీసినప్పుడూ గీత మారవచ్చు కాబట్టి ఏ స్థితిలో కొలిచారో చూడాలి. చాలా డ్రైవర్లున్న (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లు) ఖరీదైన ఇన్ ఇయర్‌లు కొన్ని ఏ ప్లేయర్‌కి పెట్టారన్నదాన్ని బట్టి కూడా గీత మార్చుకుంటాయి. మీ ధరలో ఒకే డైనమిక్ డ్రైవర్ ఉన్నవే ఎక్కువ, ఆ బాధ లేదు.

ఇక మీ రెండు మోడళ్ళు. మీరు పెట్టిన రెండు చార్టులూ ఒకే సమీక్షకుడివి, రెండూ రా గీతలే, కాబట్టి పోల్చవచ్చు. మొదటిదానికి బేస్ 9 డెసిబెల్స్ దాకా లేచి 350 హెర్ట్జ్ వరకు దిగలేదు. 3 కిలోహెర్ట్జ్ కొండ తక్కువ, మళ్ళీ 6 దగ్గర ఒక సూది శిఖరం. రెండోదానికి బేస్ పెంపు 5, 6 డెసిబెల్స్, 200 దగ్గరికల్లా సమానమైంది. అక్కడి నుంచి 1 కిలోహెర్ట్జ్ దాకా చదును, 3 దగ్గర గుండ్రటి కొండ సుమారు 9 డెసిబెల్స్, తర్వాత నెమ్మదిగా దిగింది. మీరు వినేవాటికి రెండోదే. కచేరీలో గాత్రం, వయొలిన్, మృదంగం మూడూ విడివిడిగా నిలబడతాయి. మొదటిదానిలో మృదంగం గాత్రం మీద పడుతుంది, సాహిత్యంలో సకారాలు గుచ్చుతాయి.

పాత సినిమా పాటలతో మాత్రం ఒక చిక్కు వస్తుంది, ముందే తెలుసుకోండి. 1950, 60ల నాటి చాలా రికార్డింగుల్లో కింది చివరా పై చివరా పెద్దగా ఏమీ ఉండదు, ఉన్నదంతా నడిమి భాగంలోనే. అలాంటి పాట రెండోదానిలో వింటే 3 కిలోహెర్ట్జ్ కొండ కొట్టొచ్చినట్టు తెలిసి గొంతు కాస్త కీచుగా అనిపించవచ్చు. అప్పుడు 2కె, 4కె స్లైడర్లు రెండేసి డెసిబెల్స్ దించండి, కావాలంటే 250 ఒక్క డెసిబెల్ ఎక్కించండి. పాత పాటలకి ఆ సెట్టింగు వేరుగా సేవ్ చేసుకుని, కచేరీలకి మామూలుగా వదిలేయండి. మొదటిదానిలో ఉన్న లోపాలు ఇంత తేలిగ్గా సరిపోవు. 350 దాకా ఉన్న ఉబ్బుని స్లైడర్లతో దించవచ్చు, 6 కిలోహెర్ట్జ్ సూది శిఖరం మాత్రం 4కె స్లైడర్‌కీ 8కె స్లైడర్‌కీ నడుమ పడి రెంటికీ అందదు.

కొన్నాక ఒక పని చేయండి. పెట్టెలో వచ్చిన టిప్పులన్నీ మార్చి చూడండి. చెవి నాళం సరిగ్గా మూసుకోకపోతే బేస్ కారిపోతుంది, అప్పుడు మీరు వినేది చార్టులో ఉన్న ఇయర్‌ఫోన్ కాదు. వాల్యూమ్ తగ్గించి 40 హెర్ట్జ్ టోన్ ఒకటి పెట్టి, ఇయర్‌ఫోన్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బేస్ గబుక్కున పెరిగితే టిప్పు చిన్నదైందన్నమాట, పై సైజు వేయండి. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని లేదు.